ఓహో అంటే ఆగే గుర్రం

చరితకు ఆ ఉద్యోగం దొరికింది ఇంగ్లీషు వల్ల. రాకపోవడం వల్ల కాదు, కాస్త ఎక్కువ రావడం వల్ల. అమెరికా ఉత్తర సరిహద్దుకు ఇవతల ఉన్న సార్నియాలో తను చదివే కాలేజీకి దగ్గర్లో ఉన్న కిరాణా కొట్టు గోడ మీద "స్టేబుల్ హెల్ప్ వాంటెడ్" అని ఒక చీటీ అతికించి ఉంది. స్టేబుల్ అంటే నిలకడ, హెల్ప్ అంటే అసిస్టెంటు, కనుక ఇది పర్మనెంటు అసిస్టెంటు ఉద్యోగమని ఆమె తేల్చుకుంది. స్టేబుల్ అంటే గుర్రపుశాల అనే అర్థం కూడా ఉందని జగిత్యాలలో ఆమెకు ఇంగ్లీషు చెప్పినవాళ్ళు ఎవరూ చెప్పలేదు. వాళ్ళకు ఆ అవసరం రాలేదు.

ఆ ఏడాది సార్నియాకు బస్సులకన్నా తెలుగు పిల్లలు ఎక్కువ వచ్చారు. కాఫీ కొట్టులో ఒక్క ఖాళీ పడితే సగం కాలేజీ రెజ్యూమేలు పట్టుకుని వరస కట్టేది. అలాంటి రోజుల్లో నిలకడైన ఉద్యోగం గోడ మీద కనబడితే ఎవరు ఊరుకుంటారు? చరిత ఫోన్ చేసింది. అవతల ఎవరో ముసలాయన పొద్దున్నే లేవగలవా, బరువులు ఎత్తగలవా, వాసనలు భరించగలవా అని అడిగాడు. మూడో ప్రశ్న దగ్గర కాస్త అనుమానం వచ్చింది గానీ, ఊరి నిండా కెమికల్ ఫ్యాక్టరీలే కదా, వాసన కూడా ఉద్యోగంలో భాగమే అయి ఉంటుందని సరిపెట్టుకుంది. మర్నాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఫైలు బ్యాగులో పెట్టుకుని, అరువు సైకిలు తొక్కుకుంటూ ఊరి బయట పొలాల మధ్యకు వెళ్ళింది. గ్లెన్ అనే ఆ ముసలాయన ఫైలు అందుకుని, తెరవకుండానే కిటికీ మీద పెట్టి, లద్దె ఎత్తే పార ఆమె చేతికిచ్చాడు.

పారిపోయి ఉంటే కథే లేదు. పారిపోవడానికి వేరే ఉద్యోగం లేదు కాబట్టి ఎత్తింది. ఎత్తుతుంటే వెనక నుంచి ఎవరో భుజం మీద వెచ్చగా ఊపిరి వదిలారు. తిరిగి చూస్తే బిస్కెట్.

బిస్కెట్ ముదురు గోధుమ రంగు ఆడగుర్రం. వయసులో ఉన్నప్పుడు పందెపు బండ్లు లాగింది. గెలిచింది తక్కువ, లాగింది ఎక్కువ. ఆ తరువాత చేతులు మారి మారి గ్లెన్ దగ్గరికి వచ్చింది. చరిత అంతవరకూ గుర్రాన్ని చూసింది పెళ్ళి బరాత్‌లలోనే. అక్కడ గుర్రాల కంటే వాటి మీది పెళ్ళికొడుకులే ఎక్కువ బెదిరినట్టు కనబడేవారు. ఈ గుర్రం మాత్రం ఆమెను చూసి చెవులు ముందుకు తిప్పింది. పరాయి దేశంలో దిగాక తనను చూసి ఎవరైనా చెవులు ముందుకు తిప్పడం చరితకు అదే మొదలు. నెల తిరగకుండానే ఆ గుర్రం అంటే ఆమెకు ప్రాణమైపోయింది. ఇందులో దాచుకోవలసింది ఏమీ లేదు, ఆమె కూడా దాచుకోలేదు. ఆమె ఫోన్ నిండా బిస్కెట్ ఫోటోలేనని, వాళ్ళమ్మ అడిగితే కూడా బిస్కెట్ ఫోటోలే పంపుతోందని రూమ్మేట్ రిషిత నలుగురిలో చెప్పేది.

వేసవి మొదట్లో గ్లెన్ ఒక సంగతి చెప్పాడు. మోకాళ్ళు అరిగిపోయాయి, గడ్డి ధర పెరిగిపోయింది, ఈ వేసవి దాటితే శాల ఎత్తేస్తున్నాడు. మిగిలిన గుర్రాలకు చోటు దొరికింది. బిస్కెట్‌ను మాత్రం ఎవరూ అడగడం లేదు. ఎవరూ అడగకపోతే సెప్టెంబరులో వేలానికి పంపేస్తాడు. ఆ సంగతిని అతను రేపు వాన పడుతుందన్నట్టుగా చెప్పాడు. అంత వయసు గుర్రాన్ని వేలంలో ఎవరు కొంటారని చరిత అడిగింది. గ్లెన్ బకెట్ ఎత్తుకుని అవతలికి వెళ్ళిపోయాడు. కొనేది మాంసం కోసమని ఆమెకు అర్థమైంది. ఆ రోజు ఆమె అన్నం తినలేదు.

సరిగ్గా అప్పుడే రత్నరాజు అంకుల్‌కు గుర్రం అవసరమైంది.

రత్నరాజుది పాలకొల్లు. పాతికేళ్ళుగా సార్నియాలోనే ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. ఆదివారం చర్చికి కారులో వెళ్తూ దారిలో కనబడిన తెలుగు పిల్లలనందరినీ, ఏ మతమని అడక్కుండా, ఎక్కించుకుని వాళ్ళు దిగవలసిన చోట దింపేవాడు. చరిత ఆయనకు అలాగే పరిచయం. ఆయనకు ఒక వ్యసనం ఉంది. యూరపులో నెపోలియన్ యుద్ధాలు చేస్తున్న రోజుల్లోనే ఇక్కడ ఇంగ్లీషు సైన్యానికీ అమెరికన్లకూ కూడా యుద్ధం జరిగింది. ఏటా వేసవి చివర ఒక వాగు ఒడ్డున ఆ యుద్ధాన్ని మళ్ళీ ఆడతారు. అమెరికన్లుగా నిజం అమెరికన్లే మిషిగన్ నుంచి వంతెన దాటి వస్తారు. ఇంగ్లీషువాళ్ళుగా సార్నియా చుట్టుపక్కల వాళ్ళు ఎర్ర కోట్లు తొడుక్కుంటారు. రత్నరాజు ఆ ఎర్ర కోట్లలో ఏళ్ళ తరబడి ఉన్నాడు. ఏటా మొదటి తూటాకే చచ్చిపోయేవాడు. ఇందులో వివక్ష ఏమీ లేదు, ఆయన అంత బాగా పడిపోయేవాడు.

ఈ ఏడు గుర్రం మీద కూర్చోవలసిన అధికారికి తుంటి ఆపరేషన్ అయింది. మిగతావాళ్ళకు తమ తుంటి మీద ప్రేమ ఉంది. ఆ విధంగా రత్నరాజు ఒక్క మెట్టు కూడా ఎక్కకుండా సిపాయి నుంచి మేజరు అయిపోయాడు. మేజరుకు గుర్రం కావాలి. సైన్యంలో ముసలివాళ్ళు తగ్గిపోతుండడంతో సిపాయిలు కూడా కావాలి. సిపాయిల సంగతి సులువుగా తేలింది. యుద్ధం రోజు బిర్యానీ పెడతానని, వాలంటీర్ ఎక్స్‌పీరియన్స్ అని రెజ్యూమేలో రాసుకోవచ్చని కాలేజీ పిల్లలకు చెప్పాడు. ప్రజ్వల్ అనే కుర్రాడు, రాత్రి షిఫ్టులు చేసి పగలు క్లాసులో నిద్రపోయేవాడు, పడుకుని చచ్చినట్టు నటించే వేషం ఏమైనా ఉందా అని అడిగి మరీ చేరాడు. గుర్రం సంగతి చరిత చూసుకుంది.

ఒప్పందం ఇది. గ్లెన్ బిస్కెట్‌ను యుద్ధానికి అరువిస్తాడు. అది తుపాకుల మధ్య బెదరకుండా పనిచేస్తే సైన్యం దాన్ని తమ గుర్రంగా పెట్టుకుని, పక్క శాలలో కట్టేసుకుంటుందని రత్నరాజు ఆశ పెట్టాడు. అప్పుడు చరిత రోజూ సైకిలు మీద వెళ్ళి చూసుకోవచ్చు. పనిచేయకపోతే యుద్ధం అయ్యాక వచ్చే మంగళవారమే వేలం.

తుపాకుల భయం వారాల్లోనే తీరిపోయింది. ఆ కాలంలో సైన్యపు గుర్రాలకు దాణా పెట్టే వేళ పక్కనే డప్పులు కొట్టి, తుపాకులు పేల్చి అలవాటు చేసేవారని రత్నరాజు చదివాడు. చరిత దాణా పోసేది, ప్రజ్వల్ ఇనప బకెట్ మీద కర్రతో బాదేవాడు. తరువాత తూటా లేకుండా మందు మాత్రమే కూరి పేల్చే తుపాకీ. కొద్ది రోజులకు పేలుడు వినబడితే చాలు, బిస్కెట్ దాణా ఎక్కడా అని చూసేది.

తల్లకిందులైంది వేరే చోట. రత్నరాజు జీను మీద ఉంటే బిస్కెట్ నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి ఆగిపోయేది. ఎందుకో తెలియదు. చరిత పగ్గం పట్టుకుంటే చక్కగా నడిచేది. మేజరుగారు ఎక్కి సిపాయిల వరస ముందు సాగుతుంటే మాత్రం, ఎవరో వచ్చి సమాచారం చెప్పేసరికి ఠక్కున నిలబడేది. మడమతో తాకితే కదిలేది, మళ్ళీ నిలబడేది. గ్లెన్ కంచె దగ్గర నిలబడి చూసి, దీని కాళ్ళు కూడా నాలాగే అరిగిపోయాయి, యుద్ధం మాట మరిచిపోండి అన్నాడు. చరిత రోజూ దాని కాళ్ళు తడిమి చూసేది, డెక్కలు ఎత్తి చూసేది. ఏమీ కనబడేది కాదు.

ఒకరోజు రిహార్సల్ అయ్యాక రత్నరాజు జీను మీద నుంచే ఆమెకు ఆ కాలపు సంగతులు చెప్పాడు. స్పెయిన్‌లో ఇంగ్లీషు సైన్యం వెనక్కి తగ్గి సముద్రం ఒడ్డుకు చేరింది. ఓడల్లో మనుషులకే చోటు చాలక, వెంట తెచ్చిన గుర్రాలను శత్రువు చేతికి చిక్కకుండా ఒడ్డునే చంపేయమన్నారు. ఆ గుర్రాల మీదే అధికారులు మంచు కొండలు దాటి వచ్చారు.

"నా గుర్రాన్ని నువ్వు కాల్చు, నీ గుర్రాన్ని నేను కాలుస్తానని అనుకున్నోళ్ళు కూడా ఉండే ఉంటారమ్మా," అన్నాడు రత్నరాజు. "ఎవరిది వాళ్ళు కాల్చుకోలేరు కదా."

"ఇట్లాంటివి నాకు చెప్పకున్రి అంకుల్," అంది చరిత. ఆమెకు నిజంగానే కోపం వచ్చింది. మంగళవారం కళ్ళ ముందు ఉన్నవాళ్ళకు ఎవరైనా ఇలాంటి కథలు చెబుతారా? చరిత్ర అంటే ఇష్టం ఉన్నవాళ్ళతో ఇదే చిక్కు, ఎప్పుడో పోయిన గుర్రాల మీద జాలిపడుతూ ఎదురుగా ఉన్న మనిషి ముఖం చూడరు.

అసలు గుట్టు విప్పింది ఆయన భార్య జ్ఞానసుందరి ఫోన్. బేస్‌మెంట్‌లో నీళ్ళు కారుతున్నాయట. మేజరుగారు గుర్రం దిగకుండానే, ఈకల టోపీ కిందికి ఫోన్ దోపి మాట్లాడసాగాడు. ఓహో, ఎప్పటినుంచీ? గుర్రం ఆగింది. మడమతో తాకాడు, కదిలింది. ఓహో, ప్లంబరు వచ్చాడా? ఆగింది. ఓహో, రేపు రమ్మన్నావా? ఆగింది. పొలం ఈ చివర నుంచి ఆ చివరకు పోయేలోగా జ్ఞానసుందరి ఇంటి సంగతులన్నీ చెప్పింది, బిస్కెట్ వాటన్నిటికీ నిలబడింది. పందెపు గుర్రానికి పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ "వో" అంటే ఆగమని నేర్పారు. పాలకొల్లు నోట్లోంచి వచ్చే ఓహోలో దానికి వినబడేది ఆ ముక్కే. పాపం, అది మొండికేయలేదు. చెప్పిన మాట వింది.

చరిత పరుగెత్తుకెళ్ళి చెప్పింది. "మీరు ఓహో అన్నప్పుడల్లా ఆగుతుంది అంకుల్. ఆగమంటున్నరు అనుకుంటుంది."

"ఓహో," అన్నాడు రత్నరాజు, సందేహంగా. అని, తన మాట తనే విని, నోరు మూసుకున్నాడు.

మొదట ఆయనను మార్చాలని చూశారు. అలాగా అనండి అన్నారు, ఆహా అనండి అన్నారు, ఏమీ అనకుండా తల ఊపండి అన్నారు. ఆయన మనస్ఫూర్తిగా ప్రయత్నించాడు. తల ఊపుతూ ఓహో అన్నాడు. ఎందుకొచ్చిన శ్రమ అని జ్ఞానసుందరి తేల్చేసింది. పెళ్ళిలో పాస్టరుగారు ఈ స్త్రీని భార్యగా స్వీకరిస్తున్నావా అని అడిగితే ఈయన ఓహో అన్నాడట. పాస్టరుగారు రెండోసారి అడగవలసి వచ్చిందట.

మనిషిని మార్చడం కుదరదని తేలాక గుర్రాన్ని మార్చారు. చరిత తాడు పట్టి నడిపిస్తుంటే వెనక ప్రజ్వల్ ఓహో, ఓహో అంటూ నడిచేవాడు. ఆగితే ఏమీ లేదు, సాగితే క్యారెట్ ముక్క. నిజంగా ఆగవలసినప్పుడు చరిత "ఆగవే" అని తాడు మెల్లగా బిగించేది, కదలవలసినప్పుడు "పదవే" అనేది. ఎవరో పెద్దాయన కాళ్ళ దగ్గర కూర్చుని కొత్త భాష నేర్చుకుంటున్నట్టుగా బిస్కెట్ చెవులు రిక్కించి వినేది. ఆగస్టు వచ్చేసరికి దానికి వో అన్నా, ఓహో అన్నా చెట్టు మీద కాకి అరిచినట్టే. ఆగవే అంటే మాత్రం మట్టిలో డెక్కలు దిగేలా నిలబడేది. రత్నరాజు కొడుకు ఆరన్ సార్నియాలోనే పుట్టి పెరిగాడు, తెలుగులో ఏమడిగినా ఇంగ్లీషులో జవాబు చెబుతాడు. ఒక్క వేసవిలో గుర్రానికి తెలుగు వచ్చిందని చెబితే, గుర్రానికి క్యారెట్లు ఇచ్చారు కదా అన్నాడు, ఇంగ్లీషులోనే.

యుద్ధం రోజు ఎండ బాగా కాసింది. జనం మడత కుర్చీలు, ఐస్‌క్రీములు తెచ్చుకుని వాగు గట్టు మీద కూర్చున్నారు. మైకులో వ్యాఖ్యాత, ఇంగ్లీషు సైన్యంలో ఇంగ్లండు వాళ్ళు, స్కాట్లండు వాళ్ళు, వేల్స్ వాళ్ళు ఉండేవారని వివరించాడు. కరీంనగర్ సంగతి అతనికి తెలియదు. ఎర్ర ఉన్ని కోట్లలో తెలుగు పిల్లలు చెమటలు కక్కుతూ వరసలో నిలబడ్డారు. ప్రజ్వల్ ఎక్కడ చావాలో ముందే చూసుకుని, చెట్టునీడ ఉన్న చోట నిలబడ్డాడు.

చరిత తాడు కంచె దగ్గర నిలబడింది. పైకి ఇది ఆటే. ఆమెకు మాత్రం ఆట కాదు.

రత్నరాజు భుజాల మీద బంగారు కుచ్చులతో, నడుముకు కత్తితో వరస ముందుకు వచ్చాడు. బొజ్జ ఉన్నా సరే, నిజంగానే మేజరులా ఉన్నాడు. ఆ కాలంలో అధికారిని గుర్రం మీద ఎందుకు కూర్చోబెట్టేవారో ఆయన చాలాసార్లు చెప్పాడు. పొగలో సైనికులకు అతను కనబడాలి. కనబడితే శత్రువుకు కూడా కనబడతాడు, అదే ఇబ్బంది. తుపాకులు ఒక్కసారిగా పేలాయి. ఏళ్ళ తరబడి చచ్చిన అలవాటు కొద్దీ మేజరుగారు మొదటి పేలుడుకే పక్కకు ఒరిగిపోయి, తను ఈసారి బతికి ఉండాలని గుర్తొచ్చి జూలు పట్టుకుని నిలదొక్కుకున్నాడు. బిస్కెట్ పేలుడు వైపు తల తిప్పి బకెట్ కోసం చూసింది, లేదు, సరేనని ముందుకు నడిచింది. ఒక సిపాయి పరుగున వచ్చి శత్రువు వాగు దాటాడని విన్నవించుకున్నాడు. రత్నరాజు ఓహో అన్నాడు. బిస్కెట్ ఆగలేదు. ఎడమ పక్క కూడా చిక్కుకున్నామని ఇంకొకడు వచ్చాడు. ఓహో. ఆగలేదు. ఫిరంగి మోగింది, పొగ కమ్మింది, అమెరికన్ గుర్రాలు దౌడు తీస్తూ మీదికి వచ్చాయి, అందులో రెండు బెదిరి వరస తప్పాయి. బిస్కెట్ ఆ పొగలో నుంచి తన మేజరును మోసుకుని, పందెపు రోజుల నడకతో, తొణక్కుండా బయటికి వచ్చింది. ఇంగ్లీషు సైన్యం ఓడిపోయింది. చరిత ఎగిరి గంతేసింది.

ఆట అయ్యాక సైన్యం అధ్యక్షుడు వచ్చి బిస్కెట్ మెడ తట్టాడు. బంగారం లాంటి గుర్రం అన్నాడు. దీన్ని పెట్టుకునే సంగతి అక్టోబరు మీటింగులో మాట్లాడదాం అన్నాడు. చరిత ఈ దేశం వచ్చాక చాలా ఇంటర్వ్యూలకు వెళ్ళింది. తరువాత మాట్లాడదాం అనే మాట ఎలా ఉంటుందో ఆమెకు బాగా తెలుసు. వేలం అక్టోబరు దాకా ఆగదు. రత్నరాజు ఆమె ముఖం చూడలేక టోపీ ఈకలు సర్దుకున్నాడు.

అప్పుడు అమెరికన్ల వైపు నుంచి వాళ్ళ కెప్టెన్ వచ్చింది. ఆమె పేరు డోరీన్. అరవై దాటిన పొడగరి, అతికించిన మీసం. మీసం ఊడదీసి జేబులో పెట్టుకుని, ఈ గుర్రం అమ్ముతారా అని గ్లెన్‌ను అడిగింది. తన పొలంలో పచ్చిక ఉందని, యుద్ధపు గుర్రాలు ముసలివైతే అక్కడే పెట్టుకుంటానని, దేన్నీ వేలానికి పంపనని చెప్పింది. ఒకసారి ఎక్కి చూస్తానంది.

బిస్కెట్ ఆమెను ఎక్కించుకుని మైదానం చుట్టూ అందంగా తిరిగింది. డోరీన్ ముఖం వెలిగిపోయింది. గ్లెన్ దగ్గరికి వచ్చి "వో" అంది. బిస్కెట్ ఆగలేదు. మళ్ళీ గట్టిగా అంది. బిస్కెట్ మర్యాదగా సాగిపోయింది. ఇంకో చుట్టు తిరిగి, పగ్గాలు బలంగా లాగితే ఎట్టకేలకు నిలబడింది. డోరీన్ దిగి, పగ్గం గ్లెన్ చేతికిచ్చింది. మంచి గుర్రమే, కానీ మాటకు ఆగని గుర్రాన్ని పిల్లలు తిరిగే చోట, ఫిరంగుల పక్కన పెట్టలేనంది. ఆమె అన్నది న్యాయమే. గ్లెన్ భుజాలు ఎగరేసి, అయితే మంగళవారమే అన్నాడు.

ఒక్క మాటతో తీరిపోయే సంగతి అది. ప్రజ్వల్ బిర్యానీ దగ్గరికి పోయాడు కనుక, ఆ మాట తెలిసినవాళ్ళు అక్కడ ఇద్దరే ఉన్నారు. రత్నరాజు చరిత వైపు చూశాడు. జీవితంలో మొదటిసారి ఆయన నోటి నుంచి ఏ శబ్దమూ రాలేదు.

చరిత నోరు మెదపలేదు. చెబితే బిస్కెట్ వంతెన అవతలికి పోతుంది. సార్నియా ఒడ్డున నిలబడితే అవతలి ఒడ్డు మీద కార్లు కూడా కనబడతాయి, అంత దగ్గర. కానీ అది అమెరికా. స్టడీ పర్మిట్ మీద ఉన్న చరితకు అక్కడికి వెళ్ళాలంటే వీసా కావాలి, ఇంటర్వ్యూ తేదీ ఆమె కోర్సు ముగిసిన తరువాత గానీ దొరకదు, దొరికినా ఒక గుర్రాన్ని చూడడానికి వెళ్తున్నానంటే ఎవరూ ఇవ్వరు. చెప్పకపోతే మంగళవారం దాకా గడువుంది. ఆలోగా అధ్యక్షుడిని బతిమాలుకోవచ్చు. గ్లెన్‌ను బతిమాలుకోవచ్చు. ఏదో ఒకటి జరగవచ్చు. డోరీన్ మీసం బయటికి తీసి, కారు వైపు నడవసాగింది.

ఏదీ జరగదని చరితకు తెలుసు. బకెట్ ఎత్తుకుని వెళ్ళిపోయిన గ్లెన్ వీపు ఆమెకు గుర్తుంది.

"మేడమ్, తప్పు దానిది కాదు," అని ఇంగ్లీషులో వెనక నుంచి పిలిచింది. "నేనే వేరే మాట నేర్పిన."

డోరీన్ మళ్ళీ ఎక్కింది. ఏమిటా మాట అంది. ఆగవే అని చెప్పింది చరిత. డోరీన్ రెండుసార్లు విని, గో అవే అనా అని అడిగింది. పొమ్మంటే ఆగుతుందా అని నవ్వింది. ఆగవే, ఆగవే అని చరిత మళ్ళీ మళ్ళీ చెప్పింది గానీ ఆ చెవికి అది గో అవేగానే వినబడింది. మైదానం సగంలో డోరీన్, గో అవే, అంది. బిస్కెట్ మట్టిలో డెక్కలు దిగేలా నిలబడింది. ఆమె ఎంత ముచ్చటపడిందంటే, అక్కడికక్కడే గ్లెన్‌తో బేరం కుదుర్చుకుంది.

కాగితాలు తయారవడానికి వారం పట్టింది. పశువుల డాక్టరు వచ్చి పళ్ళు చూశాడు, కొంచెం రక్తం తీశాడు, సంతకం పెట్టాడు. అంతే, బిస్కెట్ అమెరికా వెళ్ళిపోవచ్చు. వేలిముద్రలు లేవు, బ్యాంకు స్టేట్‌మెంటు లేదు, తిరిగి వెళ్ళిపోతావా అన్న ప్రశ్న లేదు. డోరీన్ మంచి మనిషి, ఎప్పుడు చూడాలనిపిస్తే అప్పుడు వచ్చేయి, వంతెన దాటితే మా ఇల్లే అని చరితతో అంది. చరిత థాంక్స్ చెప్పింది. ఎందుకు రావడం కుదరదో వివరించాలంటే చాలా సేపు పడుతుంది.

గుర్రాన్ని తీసుకుపోయే ట్రెయిలర్ శాల ముందు ఆగింది. వెనక తలుపు దించి బల్లలా ఏటవాలుగా నేలకు ఆనించారు. బిస్కెట్ ముందు కాళ్ళు ఆ బల్ల మీద పెట్టి, మెడ తిప్పి చరిత వైపు చూసి, అక్కడే నిలబడిపోయింది. గ్లెన్ వెనక నుంచి తోశాడు. డోరీన్ ముందు నుంచి లాగింది. సెలవు పెట్టి మరీ వచ్చిన రత్నరాజు క్యారెట్ చూపించాడు. చివరికి డోరీన్ తనకు తెలిసిన ఒక్క మాటా వాడింది. గో అవే, గో అవే అంది. బిస్కెట్ ఇంకా గట్టిగా పాతుకుపోయింది.

అందరూ చరిత వైపు చూశారు. ఆగవే అనాలని ఆమె గొంతు దాకా వచ్చింది. ఆ మాట అనవలసిన పనే లేదు, అది ఆగే ఉంది. చరిత దగ్గరికి వెళ్ళి, జూలులో ముఖం పెట్టి కాసేపు నిలబడింది. ఏడ్చింది. ఎవరూ తొందర పెట్టలేదు. తరువాత మెడ మీద చెయ్యి వేసి, "పదవే," అంది.

బిస్కెట్ ఎక్కింది. గ్లెన్ తలుపు ఎత్తి గడియ పెట్టాడు. ఆ మాట కూడా నేర్చుకోవాలి కదా, ఏమిటది, మళ్ళీ చెప్పు అని డోరీన్ అడిగింది. కన్నీళ్ళు తుడుచుకుని, బాగా వినబడేలా, చరిత మళ్ళీ చెప్పింది. మూసిన తలుపు వెనక బిస్కెట్ ఒక అడుగు ముందుకు వేసిన చప్పుడు అయింది.